మూడోసారి పిలిచేదాకా

ఆ గదిలో ఉన్నవి: రెండు మంచాలు, రెండు మానిటర్లు, మంచాల మధ్య ఆకుపచ్చ తెర, గోడకు ఆక్సిజన్ గొట్టం. కిటికీ లేదు. ఉన్నవాళ్లు: ఒక మంచం మీద మా బాపు, పక్కన నర్సు, తలుపు దగ్గర నేను. రెండో మంచం ఖాళీ. దాని మీద దుప్పటి ఇస్త్రీ మడతలతో అలాగే ఉంది.

కానీ ఆ ఖాళీ మంచం దగ్గరి మానిటర్ నడుస్తోంది. వేలికి తొడిగే క్లిప్పు దుప్పటి మీద పడి ఉంది. నాడి అరవై రెండు అని అంకె కనిపిస్తోంది.

నేను నిజామాబాద్ నర్సింగ్ హోముల్లో ఇలాంటి యంత్రాలే బాగు చేస్తాను. వేలు లేని క్లిప్పు కూడా ఒక్కోసారి నాడి చూపిస్తుంది. బయట తుఫాను వాన, లోపల జనరేటర్ కరెంటు. ట్యూబులైటు మినుకుమినుకుమంటుంటే ఆ వెలుగు కదలికనే యంత్రం రక్తం కదలిక అనుకుంటుంది. ఇదంతా తెలిసీ, ముందు వెళ్లి ఆ క్లిప్పును దుప్పటి కింద దాచాను. అంకె పోయి రెండు గీతలు వచ్చాయి. అప్పుడు బాపు వైపు తిరిగాను.

బాపు కళ్లు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాడు. "బాపూ" అని పిలిచాను.

పలకలేదు.

ఆ ఆసుపత్రి ఉన్న పరాయి దేశపు దీవికి మేం వెళ్లింది మా సొంత సరదాకు కాదు. బాపుకు బోధన్‌లో ఎరువుల దుకాణం ఉంది. మా జిల్లాలో ఒక ఆనవాయితీ ఉంది. అమ్మకాల టార్గెట్ దాటిన డీలర్లను పురుగుమందుల కంపెనీ ఏటా ఏదో ఒక దేశం తిప్పుకొస్తుంది. అలా వెళ్లొచ్చినవాళ్ల దుకాణాల్లో లైసెన్సు పక్కనే, సముద్రం ముందు పూల చొక్కాతో నిలబడ్డ ఫోటో వేలాడుతుంది. మా దుకాణంలో ఆ జాగా చాలా ఏళ్లుగా ఖాళీ. ఈసారి సోయా, వరి రెండూ కలిసొచ్చి బాపుకు రెండు టికెట్లు వచ్చాయి. అమ్మ రానంది.

"నీళ్ల నడుమ నాకేం పని? పోరన్ని తీస్కపో. ఇంగ్లీషన్న మాట్లాడ్తడు" అంది.

ఆ రోజు మధ్యాహ్నం పగడాలు చూపించే పడవ దిగుతుంటే, రేవు మెట్ల మీద నాచుకు కాలు జారి బాపు వెల్లకిలా పడ్డాడు. తల వెనక భాగం రాతికి తగిలింది. లేచి కూర్చుని, రక్తం తుడుచుకుని, మెట్టుకేమన్నా అయిందా చూడమన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ బాపు గుండెకు స్టెంటు ఉంది. రోజూ రక్తం పలచబడే మాత్ర వేసుకుంటాడు. అలాంటి మనిషికి తల లోపల రక్తం కారితే ఆగదు. అందుకే ఆసుపత్రికి తీసుకెళ్లాను. మాతో ముప్కాల్ ఊరి డీలర్ కూడా వచ్చాడు. హోటల్లో మా గది మూడో మంచం ఆయనది. నేను కాకా అని పిలుస్తాను.

ఆసుపత్రి అంటే కొబ్బరిచెట్ల మధ్య ఎనిమిది గదుల ఇల్లు. వరండాలో మోకాళ్లకు, మోచేతులకు పట్టీలు కట్టించుకుంటూ తెల్లవాళ్లు కూర్చున్నారు. అందరూ అద్దె స్కూటర్ల మీంచి పడ్డవాళ్లే. వాళ్లకు ఒకటే ధర, ఒకటే కట్టు, ఒకటే చిరునవ్వు. మమ్మల్ని చూడగానే పాస్‌పోర్ట్ అడిగారు. అది హోటల్ బీరువాలో ఉంది. నా ఫోన్లోని ఫోటో చూసి బాపు మణికట్టుకు ఒక పట్టీ చుట్టారు. దాని మీద మా ఇంటిపేరు ఒక్కటే ఉంది.

డాక్టర్ మధ్యవయసు మనిషి, దీవివాడే. కుట్లు వేశాడు. స్పృహను మార్కులతో ఎలా కొలుస్తారో నాకు చెప్పాడు: కళ్లకు నాలుగు, మాటకు అయిదు, కదలికకు ఆరు. మొత్తం పదిహేను. బాపుకు పదిహేనుకు పదిహేను వచ్చాయి. స్కాన్ యంత్రం ఆ దీవిలో లేదు. సముద్రం దాటి ఒడ్డునున్న పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి.

"ఇప్పుడు సముద్రం బాగా లేదు. మార్కులు తగ్గనంతవరకు ఇక్కడే ఉంచుదాం. రెండు తగ్గినా పడవ ఎక్కించాల్సిందే" అన్నాడు.

బాపు కాసేపు నిద్రపోయాడు. ఇన్సూరెన్సు వాళ్ల ఫోను వచ్చిందని నన్ను కౌంటర్ దగ్గరికి పిలిచారు. ఫోను పూర్తయ్యేసరికి కరెంటు పోయింది. వాన ఒక్కసారిగా ముదిరి, సాయంత్రం కాకుండానే చీకటి పడింది. జనరేటర్ వేశాక గదికి తిరిగొచ్చాను. నేను మొదట చెప్పింది అప్పటి సంగతే.

పలకని మనిషిని పరీక్షించడానికి డాక్టర్ దగ్గర ఒక పద్ధతి ఉంది. నర్సు పరుగున వెళ్లి ఆయన్ను తీసుకొచ్చింది. ఆయన వంగి, మా ఇంటిపేరుతో ఒకసారి స్పష్టంగా పిలిచి, ఆగాడు. బాపు ఆయన ముఖంలోకి చూశాడు. పలకలేదు. నర్సు ఒకసారి పిలిచింది. నన్ను కూడా పిలవమన్నాడు.

"ఒక్కసారే పిలవండి. పిలిచి ఆగండి. గందరగోళం చేస్తే ఏది జవాబో తెలియదు" అన్నాడు.

నేను ఒక్కసారే పిలిచాను. బాపు చూపు నా మీదికి మళ్లింది. పెదవులు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి. నాకు అన్నిటికన్నా భయం వేసింది ఆ పెదవులను చూసే. స్పృహ తప్పుతున్న మనిషి నోరు వదులుగా ఉంటుంది. ఈ నోరు మాత్రం లోపల ఏదో పట్టుకున్నట్టు ఉంది. డాక్టర్ భుజం మీద గిల్లితే బాపు చేత్తో తోసేశాడు. కళ్లకు నాలుగు, మాటకు ఒకటి, కదలికకు అయిదు. పది.

డాక్టర్ నన్ను వరండాలోకి తీసుకెళ్లాడు. తల లోపల రక్తం గడ్డ కడుతున్నట్టే లెక్క అన్నాడు. అదే అయితే పుర్రెకు రంధ్రం పెట్టి తీయాలి. ఆ పని ఒడ్డున తప్ప జరగదు. పడవలో గంటన్నర. ఈ అలల్లో మనిషి ఎగిరెగిరి పడతాడు, వాంతులవుతాయి, నడి సముద్రంలో ఏమైనా అయితే చేసేదేమీ ఉండదు. ఎక్కించకపోతే, గడ్డ ఉంటే, తెల్లవారేసరికి బతకడు.

"కొడుకువు నువ్వే కదా. సంతకం నువ్వే చేయాలి. పడవవాణ్ణి పిలిపిస్తున్నాను" అన్నాడు.

కాక రేవు దాకా వెళ్లి వచ్చాడు. నెత్తిమీద ప్లాస్టిక్ కవరు కప్పుకున్నాడు. ఎప్పుడూ ఏదో ఒక పరాచికం ఆడే మనిషి, అప్పుడు కూడా ఆడబోయి సగంలో ఆగాడు.

"గా పడవ జూసొచ్చిన బిడ్డా. మన పోచంపాడు కాడ చేపలోళ్ల తెప్ప నయం. అలలు మిద్దెంత లేస్తున్నయ్. మీ బాపు ఉద్దెర బాకీల వసూలుకు పోయినా గింత... ఏమో బిడ్డా. పానం బాగున్నోడే ఎక్కడు దాంట్ల."

"ఎక్కియ్యకుంటే ఎట్ల కాకా?"

"నాకేం సమజైతలేదు. అమ్మకన్న చెప్పు."

అమ్మకు ఫోన్ చేశాను. బోధన్‌లో ఇంకా ఎండ ఉంది. వెనక ఎవరో దుకాణంలో జింకు సల్ఫేట్ ధర అడుగుతున్నారు. నేను విషయాలు వరసగా చెప్పాను: పడ్డాడు, కుట్లు పడ్డాయి, బాగానే మాట్లాడాడు, నిద్రపోయాడు, లేచాక చూస్తున్నాడు గానీ పలకడం లేదు. పడవ సంగతి కూడా చెప్పాను. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఆడ పొద్దుగూకిందా?"

"ఇంక గూకలె. గని మొత్తం చీకటైంది. వాన."

"ఎట్ల పిలిచినవ్ రా?"

"ఎట్ల పిలుస్తనమ్మా? బాపూ అని."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి. డాక్టర్ ఒక్కసారే పిలువమన్నడు."

అమ్మ గొంతు తగ్గించి, దుకాణంలోవాళ్లకు వినపడకుండా చెప్పింది.

"ఒక్కసారి పిలిస్తె ఎట్ల పల్కుతడు రా? చీకట్ల పలికెటోడేనా మీ బాపు? మూడుసార్లు పిలువు. ఒక్క గొంతుతోని, ఆగకుంట పిలువు. పానం బాగుంటె పల్కుతడు. పల్కకుంటె గప్పుడు పడవ ఎక్కియ్యి."

మా వైపు పల్లెల్లో ఇది అందరికీ తెలిసిన మాటే. చీకట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటిసారికి పలకొద్దు, రెండోసారికీ పలకొద్దు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. మనిషి కానిది రెండుతోనే ఆగిపోతుంది. ఆ రెండింటిలో దేనికి పలికినా, పలికినవాణ్ణి తీసుకుపోతుంది. అది మనకు తెలిసినవాళ్ల గొంతుతోనే పిలుస్తుంది. ఆదివారం చర్చికి వెళ్లే ఇల్లు మాది. ఇవన్నీ వదిలేయాలని పాస్టర్ గారు ఒకసారి మా ఇంట్లోనే కూర్చుని చెబితే బాపు తల ఊపాడు. ఆ రాత్రి కరెంటు పోయినప్పుడు అదే పాస్టర్ గారు మరిచిపోయిన కళ్లద్దాల కోసం గేటు దగ్గర నిలబడి పిలిస్తే, మూడో పిలుపుకే తలుపు తీశాడు. నిజామాబాద్‌లో నా అద్దె గదికి వచ్చినా అంతే. రాత్రి బెల్లు మోగితే ఇంకోసారి మోగేదాకా నన్ను లేవనివ్వడు.

బాపుకు ఆ పట్టుదల ఊరికే రాలేదు. పెద్దబాపు, అంటే బాపు అన్న, రెంజల్ వైపు చెరుకు తోటకు రాత్రిపూట నీళ్లు పెట్టడానికి వెళ్లేవాడు. ఒక రాత్రి చెరుకు లోపలి నుంచి మా నానమ్మ గొంతు ఆయన్ను పిలిచింది. నానమ్మ ఇంట్లో నిద్రపోతోంది. పెద్దబాపు మొదటిసారికే "ఆఁ" అన్నాడు. పొద్దున తోట నడిమధ్య కూర్చుని కనిపించాడు. చెరుకు ఆకు కత్తిలా కోస్తుంది. నాలుగడుగులు లోపలికి వెళ్తే చేతులు గీరుకుపోతాయి. ఆయన ఒంటి మీద ఒక్క గీత లేదు. తర్వాత చాలా ఏళ్లు బతికాడు. భోజనం చేశాడు, పొలం చేశాడు, నన్ను ఎత్తుకున్నాడు. కాకపోతే ఎవరూ పిలవకపోయినా పలికేవాడు. ఒక్కడే కూర్చుని ఉండి, "ఆఁ, వస్తున్న" అనేవాడు. నా చిన్నతనంలో అది మా ఇంట్లో గడియారం చప్పుడు లాంటిది. ఎవరూ తల తిప్పి చూసేవాళ్లు కాదు.

నేను గదిలోకి వెళ్లాను. డాక్టర్‌కు వివరంగా చెప్పే ఓపిక లేదు. ఒక్క నిమిషం ఇవ్వండి అన్నాను. బాపు పక్కన నిలబడి, దుకాణం వెనక గోదాములో ఉన్న మనిషిని పిలిచినట్టు, ఆగకుండా పిలిచాను.

"బాపూ. బాపూ. బాపూ."

రెండోదానికీ మూడోదానికీ మధ్య నేను ఆగలేదు. అయినా అక్కడ చాలాసేపు నిలబడ్డట్టు గుర్తు.

"ఆఁ, ఏంది రా?" అన్నాడు బాపు. "గొంతు ఎండుకపోయింది. నీళ్లియ్యి."

నర్సు గట్టిగా ఊపిరి వదిలింది. డాక్టర్ వెంటనే పరీక్ష మొదలుపెట్టాడు. పేరు, ఊరు, ఏ రోజు. చేతులు పట్టుకొమ్మన్నాడు, కాళ్లు ఎత్తమన్నాడు. వంద నుంచి ఏడు చొప్పున తీసేస్తూ రమ్మన్నాడు. నేను తెలుగులో చెప్పాను. బాపు జీవితమంతా సంచుల లెక్కలు నోటితో చేసినవాడు. "తొంబై మూడు, ఎనబై ఆరు, డెబ్బై తొమ్మిది, డెబ్బై రెండు" అని ఆగకుండా రెండు దాకా వచ్చి, "ఇంక మిగిలిందేం లేదని చెప్పు" అన్నాడు. నేను ఇంగ్లీషులో చెబుతూ వెనకబడ్డాను. డాక్టర్ పదిహేను రాశాడు. పడవవాడికి ఫోన్ చేసి వద్దన్నాడు. సముద్రం తగ్గాక, పొద్దున మామూలు పడవలో వెళ్లి స్కాన్ తీయించుకుంటే చాలన్నాడు.

కాక తలుపు దగ్గర నుంచి అప్పుడు తన పరాచికం పూర్తి చేశాడు. "ఏం సేటూ, బాకీ అడుగుతరని నోరు మూసుకున్నవా?"

"నేనేమన్న నీ లెక్కనా?" అన్నాడు బాపు.

కాక హోటల్‌కు వెళ్లాక నేను బాపును అడిగాను. "డాక్టరు పిలిచిండు, నర్సు పిలిచింది, నేను రెండుసార్లు పిలిచిన. మస్తు పిలుపులైనయ్ గదా. ఎందుకు పల్కలే?"

"అందరివి ఒక్క ఖాతాల ఎట్ల కలుపుతం రా? ఎవలది వాళ్లదే. ఎవలు గూడ ఒక్క తీర్గ మూడుసార్లు పిలువలె."

"నా మొకం కనపడ్తలేదా? ఎదురుంగనే ఉన్న గదా."

బాపు పక్క మంచం వైపున్న తెరను చూశాడు.

"నువ్వు రాకముందే నీ గొంతు వచ్చింది. ఆడికెళ్లి. రెండుసార్లు పిలిచింది. గట్లనే, బాపూ అని. ఆగింది. గంతల నువ్వు గా పక్కకే పోయి, ఆడికెళ్లే ఇటు తిరిగినవ్. నువ్వో కాదో నాకెట్ల తెల్వాలె?"

నేను ఆ మంచం వైపు వెళ్లింది క్లిప్పు దాచడానికి.

ఇక్కడ నాకు ఒక ఇబ్బంది వచ్చింది. తలకు దెబ్బ తగిలిన మనిషి లేని గొంతు విన్నాడంటే అది కూడా రోగ లక్షణమే. డాక్టర్‌కు చెప్పి తీరాలి. చెబితే మళ్లీ పడవ మాట వస్తుంది. కాసేపు ఆలోచించి వెళ్లి చెప్పాను. కలపకుండా, తగ్గించకుండా చెప్పాను: నా గొంతు, తెర వెనక నుంచి, రెండుసార్లు.

డాక్టర్ రాసుకోవడం ఆపాడు. నర్సుతో తమ భాషలో ఏదో అన్నాడు. ఆమె నన్ను ఒక్క ప్రశ్న అడిగింది.

"జవాబు ఇచ్చాడా?"

"లేదు."

ఆమె తలాడించి గదిలోకి వెళ్లింది. బాపు మంచం చక్రాల బ్రేకు తీసి, తనొక్కతే తోసుకుంటూ, వరండా అవతలి గదికి మార్చింది. ఆ గదికి కిటికీ ఉంది. ఎందుకు మార్చారని అడిగితే డాక్టర్ తల ఎత్తకుండా, పాత గదిలో ఖాళీ మంచం వైపు ఏసీ నీళ్లు కారుతుందన్నాడు. తర్వాత నా ఛార్జర్ కోసం ఆ గదికి వెళ్లాను. నేల పొడిగా ఉంది. ఏసీ ఉన్నది బాపు పడుకున్న వైపు గోడకు.

తలకు దెబ్బ తగిలినవాళ్లను రాత్రంతా మధ్యమధ్య లేపి చూడాలి. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా రెండు గంటలకొకసారి అని డాక్టర్ చెప్పాడు. నర్సు ఇకమీదట తాను పిలవనంది. నన్నే పిలవమంది. లేపిన ప్రతిసారి మూడుసార్లు పిలిచాను. ప్రతిసారి మూడోదానికి బాపు "ఆఁ" అన్నాడు. నర్సు టార్చితో కళ్లు చూసింది. పదిహేను, పదిహేను, పదిహేను. మధ్యలో నేను కుర్చీలో కూర్చున్నాను. కునుకు పట్టలేదని ఖచ్చితంగా చెప్పలేను.

పొద్దున సముద్రం చదునుగా ఉంది. ఒడ్డున స్కాన్ తీశారు. తలలో ఏమీ లేదు. మూడు రోజుల తర్వాత బోధన్ చేరాం. దుకాణంలో ఫోటో పెట్టాం. బాపు అందులో పూల చొక్కాతో, తల వెనక కట్టు కనపడకుండా నిలబడి ఉన్నాడు.

అప్పటి నుంచి నేను ఆదివారాలు బోధన్ వెళ్లినప్పుడు ఒక పని చేస్తున్నాను. ఎవరూ పిలవకుండా బాపు ఎప్పుడైనా "ఆఁ" అంటాడేమోనని వింటూ కూర్చుంటాను. ఇంతవరకు అనలేదు. నేను అలా వింటున్నానని బాపుకు తెలుసు. మొన్న గోదాములో సంచులు దింపిస్తూ, హమాలీలు నీళ్లకు వెళ్లినప్పుడు, తనే అడిగాడు.

"గా రాత్రి నన్ను లేపినవ్ గదా. మొత్తం ఎన్నిసార్లు పిలిచినవ్?"

ఆరుసార్లు లేపాను. లేపినప్పుడల్లా మూడు. పద్దెనిమిది అన్నాను.

"నిద్రల ఏమన్న పిలిచినవా?"

పిలిచి ఉండవచ్చు అన్నాను. ఆ మాటను బాపు ఒప్పుకోలేదు, కాదనలేదు. ఏ సంచుల లెక్కా కాగితం మీద రాయని మనిషి. ఇప్పటిదాకా ఆయన లెక్క తప్పడం నేను చూడలేదు.

"పల్కిన తియ్యి, నీ పద్దెనిమిదికి" అన్నాడు. "పల్కరానివాటికి పల్కలే."

"నువ్వెన్ని విన్నవ్?"

హమాలీలు తిరిగొస్తున్నారు. బాపు వాళ్లకు వరస చూపించి, నా వైపు తిరగకుండానే చెప్పాడు.

ఇరవై.